ఇంటికి పంపారు, వంటింటికి కాదు

ఈ మధ్య వెన్నుపూస ఆపరేషన్ల ప్రకటనలు ఎక్కడ చూసినా కనిపిస్తున్నాయి. బస్సుల వెనకాల, ఫోన్లో, పేపరు మధ్యలో పెట్టి పంపే రంగు కాగితాల మీద. చిన్న రంధ్రం, పెద్ద కుట్లు ఉండవు, ఒక్క రోజులో ఇంటికి. ఆ ఆపరేషన్ మీద నాకేం కోపం లేదు. మా అత్తకి చేయించాం, మేలు జరిగింది. నా కోపమంతా ఆ చివరి మాట మన ఇళ్లలో వినిపించే తీరు మీద. "ఒక్క రోజులో ఇంటికి" అని ఆసుపత్రి అంటే "రెండో రోజు నుంచి వంటింటికి" అని ఇల్లు వింటోంది. గాటు చిన్నది కాబట్టి విశ్రాంతి కూడా చిన్నదే అని ఏ డాక్టరూ చెప్పలేదు. మనవాళ్లే లెక్క కట్టేసుకున్నారు. ఆ లెక్క తప్పని చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను. కాస్త పెద్దదే, ఓపిగ్గా చదవండి.

ముందు జబ్బు సంగతి. నడుము ఎముకల లోపల పైనుంచి కిందికి గొట్టంలాంటి దారి ఒకటి ఉంటుంది. కాళ్లకి, మూత్రాశయానికి వెళ్లే నరాలు అందులోంచే పోతాయి. వయసు పైబడేకొద్దీ ఎముకల మధ్య డిస్కు ఉబ్బుతుంది, కీళ్లు లావెక్కుతాయి, వెనకవైపు ఎముకల్ని కలిపి పట్టుకునే పసుపు రంగు లిగమెంటు మందమవుతుంది. మూడు వైపులా నొక్కుకుంటూ వస్తే మధ్యలో దారి ఇరుకైపోతుంది. ఎక్కువగా నడుము కింది భాగంలో నాలుగు, ఐదు పూసల మధ్య ఇలా అవుతుంది. డాక్టర్లు దీన్ని లంబార్ కెనాల్ స్టెనోసిస్ అంటారు. మన ఊళ్లలో "నరం నొక్కుకుంది" అంటారు. హెంక్ వెర్బీస్ట్ అనే డచ్ న్యూరోసర్జన్ 1954లో దీని గురించి వివరంగా రాశాక ప్రపంచం దీన్ని పట్టించుకోవడం మొదలుపెట్టింది. పైపూస కిందిపూస మీద కొంచెం ముందుకి జారడం వల్ల వచ్చే ఇరుకు ఇంకో రకం. అది మగవాళ్లకంటే ఆడవాళ్లలో చాలా రెట్లు ఎక్కువ. అంటే ఇది మన జబ్బు. మన గురించి మనమే తెలుసుకోవాలి.

మాది దిగువ అహోబిలం. ఎగువ అహోబిలం ఇక్కడికి ఎనిమిది కిలోమీటర్లు, అక్కడిదాకా బస్సు పోతుంది. ఆ పైన జ్వాలా నరసింహుడి దగ్గరికి పోవాలంటే మెట్లూ రాళ్లూ భవనాశి వాగూ దాటి నడవాల్సిందే. నడవలేని వాళ్లని డోలీలో మోసుకుపోతారు. మా అత్త ఆ కొండ ఎన్నిసార్లు ఎక్కి దిగిందో లెక్కలేదు. అరవై దాటాక ఆమెకి ఒక వింత బాధ మొదలైంది.

"ఎక్కేటప్పుడు బాగానే ఉంటాదిమ్మే, దిగేటప్పుడే కాళ్లు నావి కానట్టు అయితాండాయి" అనేది.

వినేవాళ్లకి ఇది విడ్డూరం. ఎక్కడం కష్టం, దిగడం సులువు అని అందరికీ తెలిసిందే కదా! కానీ ఈ జబ్బులో సరిగ్గా తిరగబడుతుంది. ఎక్కేటప్పుడు మనిషి ముందుకి వంగుతుంది. వంగితే వెన్ను దారి కాస్త తెరుచుకుంటుంది, నరాలకి ఊపిరి ఆడుతుంది. దిగేటప్పుడు నడుము వెనక్కి వాలుతుంది, దారి మూసుకుంటుంది, కాళ్లు మొద్దుబారతాయి. చదును నేల మీద నిటారుగా నడిచినా, పొయ్యి ముందు నిలబడినా అంతే. కూర్చుంటే, ముందుకి వంగితే సర్దుకుంటుంది.

ఇక్కడే ఆడవాళ్ల మీద నింద పడుతుంది. మన పనులన్నీ వంగి చేసేవే. బుడ్డల చేలో కలుపు తీయడం, పత్తి ఏరడం, కసువు ఊడ్చడం, కూర్చుని బియ్యంలో రాళ్లేరడం. అవన్నీ ఆమె చేయగలుగుతుంది. చేయలేనిది ఒక్క నడకే. మా మామ అననే అన్నాడు: "పొద్దుగూకులూ వంగి కలుపు తీస్తాది, గుడికాడికి నడ్సమంటే మాత్రం నొప్పంట!" ఆయన చెడ్డవాడేమీ కాదు. చూసిందే చెప్పాడు. కానీ ఆయన చూసింది నాటకం కాదు, అదే జబ్బు. పనికి ఒంగే నడుము నడకకి ఒప్పుకోకపోవడమే దీని గుర్తు. ఎన్ని ఇళ్లలో ఎంతమంది అత్తల్ని, అమ్మల్ని ఇలా దొంగల్ని చేశారో తలుచుకుంటే నాకు ఒళ్లు మండుతుంది.

మీ ఇంట్లో పెద్దామె నడుస్తూ నడుస్తూ ఎక్కడో ఒక అరుగు వెతుక్కుని కూర్చుంటోందా? నాలుగు నిమిషాలు కూర్చుని లేచి మళ్లీ మామూలుగా నడుస్తోందా? బజారుకి ఇదివరకు ఒక్కసారిగా పోయేది, ఇప్పుడు మూడు చోట్ల ఆగుతోందా? అయితే ఆమెని "వయసైపోయింది, ఏం చేస్తాం" అని వదిలేయకండి. షుగరు వల్ల వచ్చే అరికాళ్ల మంట కూర్చున్నా పడుకున్నా రాత్రంతా ఉంటుంది. కాళ్లకి రక్తం సరిగ్గా అందక వచ్చే పిక్కల నొప్పి నడక ఆపి ఊరికే నిలబడినా తగ్గుతుంది. ఇది మాత్రం కూర్చుంటేనో వంగితేనో తగ్గుతుంది. ఈ తేడా గమనించి చెప్పగలిగేది ఇంట్లో ఉండే మనమే. ఆ మాట డాక్టర్‌కి చెప్తే సగం పని అయిపోయినట్టే. కొందరికి రెండు మూడు జబ్బులూ కలిసి ఉంటాయి, అందుకే డాక్టర్ పాదాల్లో నాడి కూడా చూడాలి.

ఒక్క విషయంలో మాత్రం ఆగకూడదు. ఉన్నట్టుండి మూత్రం, దొడ్డికి అదుపు తప్పినా, మూత్రం రాకపోయినా, తొడల మధ్య కూర్చునే చోట స్పర్శ పోయినా, పాదం పైకి లేవకుండా జారిపోతున్నా ఆ రోజే పెద్దాసుపత్రికి తీసుకుపోవాలి. సిగ్గుపడి ఆడవాళ్లు ఈ మాట దాచిపెడతారు. దాచకండి. ఆ నరాలు గంటల లెక్కన చెడిపోతాయి.

అలాంటిదేమీ లేకపోతే తొందర లేదు. ఇక్కడ నేను రెండో వైపు వాళ్లతో కూడా పోట్లాడాలి. ఇన్నేళ్లు "వయసు" అని తోసేసిన ఇల్లే, స్కానింగ్ కాగితం చేతికి రాగానే "రేపే ఆపరేషన్" అంటుంది. వెన్నునొప్పే ఎరగని 67 మందికి అమెరికాలో ఎంఆర్ఐ తీసి 1990లో ఒక పరిశోధన అచ్చువేశారు. అందులో అరవై దాటిన వాళ్లలో 21 శాతం మందికి ఈ ఇరుకు కనిపించింది. ఏ బాధా లేని వాళ్లకి! కాబట్టి కాగితంలో ఇరుకు ఉన్నంత మాత్రాన కత్తి పట్టాల్సిన పని లేదు. ఆమె నడకలో ఇరుకు ఉందా అన్నదే అడగాలి.

ఆపరేషన్‌కి సిద్ధమైన 169 మందిని రెండు జట్లు చేసి, ఒక జట్టుకి ఆపరేషన్, ఇంకో జట్టుకి ఫిజియోథెరపీ ఇచ్చి చూసిన పరిశోధన 2015లో వచ్చింది. రెండేళ్ల తర్వాత రెండు జట్లూ దాదాపు ఒకేలా ఉన్నాయి. ఫిజియోథెరపీ జట్టులో సగానికి పైగా మధ్యలో ఆపరేషన్‌కి వెళ్లిపోయారు, అదీ నిజమే. అంటే వ్యాయామం అందరికీ సరిపోదు, కానీ కొందరికి చాలు. వెన్నులో వేసే స్టెరాయిడ్ ఇంజెక్షన్ మీద 400 మందితో 2014లో వచ్చిన పరిశోధనలో, ఆరు వారాలయ్యేసరికి అది ఉత్త మత్తుమందు ఇంజెక్షన్ కంటే చెప్పుకోదగ్గ మేలేమీ చేయలేదు. ఇంజెక్షన్ మీద ఇంజెక్షన్ వేయించుకుంటూ డబ్బు ఊడగొట్టుకునే ముందు ఈ సంగతి గుర్తుపెట్టుకోండి.

మరి ఆపరేషన్ ఎవరికి? కొన్ని నెలలు వ్యాయామం, మందులు చూసినా నడక రోజురోజుకీ తగ్గిపోతూ, కాళ్ల బాధతో బతుకు ఇంటి గడప దగ్గరే ఆగిపోతున్న వాళ్లకి. వాళ్లకి మాత్రం "ఈ వయసులో ఎందుకు" అనడం అన్యాయం.

ఈ ఎండోస్కోపీ ఆపరేషన్ ఎలా చేస్తారో మా అత్తకి ముందు రోజు డాక్టర్ కాగితం మీద బొమ్మ గీసి చూపించాడు. పాత పద్ధతిలో వీపు మీద పొడుగ్గా కోసి, కండరాలని ఎముక నుంచి పక్కకి లాగి, ఎముక తీసి దారి చేసేవాళ్లు. ఇందులో దాదాపు సెంటీమీటరు గాటు ఒకటి పెట్టి గొట్టం దింపుతారు, లేదా రెండు చిన్న గాట్లు పెట్టి ఒకదాంట్లోంచి కెమెరా, ఇంకోదాంట్లోంచి పనిముట్లు పంపిస్తారు. లోపల ఉప్పునీరు ధారగా పారుతూ ఉంటుంది, రక్తం అడ్డురాకుండా టీవీలో స్పష్టంగా కనిపించడానికి. సన్నటి డ్రిల్లుతో ఎముకని కొంచెం అరగదీసి, మందమైన లిగమెంటుని ముక్కలుగా తీసేసి నరాలకి చోటు చేస్తారు. కండరం చెడదు కాబట్టి రక్తం తక్కువ పోతుంది, నొప్పి తక్కువ, లేచి నడవడం తొందర. ఇవన్నీ నిజం.

నిజం కానిది ఇంకోటి ఉంది. గాటు చిన్నదైతే లోపల పని కూడా చిన్నదే అనుకోవడం. ఎముక అరిగించారు, లిగమెంటు తీశారు, నరాల మీది పొర పక్కనే పనిముట్టు తిప్పారు. ఆ పొర చిరిగి వెన్ను నీరు కారే ప్రమాదం ఈ పద్ధతిలోనూ ఉంది. లోపల రక్తం గడ్డకట్టవచ్చు, ఇరుకు పూర్తిగా పోకపోవచ్చు, మళ్లీ ఆపరేషన్ పడవచ్చు. నెలలు గడిచాక చూస్తే మైక్రోస్కోప్‌తో బాగా చేసిన ఆపరేషన్‌కీ దీనికీ ఫలితంలో పెద్ద తేడా ఉండదు. తేడా మొదటి వారాల్లోనే. అందుకే పద్ధతి పేరు కంటే చేసే చెయ్యి ముఖ్యం. ఇది చేతికి అలవాటు కావడానికి సర్జన్‌కి చాలా కేసులు పడతాయి. "ఇవి మీరు ఎన్ని చేశారు?" అని అడగడానికి మొహమాటపడకండి. చీర కొనడానికి నాలుగు కొట్లు తిరుగుతాం కదా!

ఇంకో రెండు ప్రశ్నలు కూడా అడగండి. స్క్రూలు, రాడ్లు వేస్తామంటే ఎందుకు అని అడగండి. స్వీడన్‌లో 247 మందితో 2016లో, నార్వేలో పూస జారిన 267 మందితో 2021లో వచ్చిన పరిశోధనలు రెండూ ఒకటే చెప్పాయి: ఇరుకు తీసేస్తే చాలామందికి సరిపోతుంది, పైన స్క్రూలు వేసినందువల్ల అదనపు మేలు పెద్దగా లేదు. కొందరికి అవసరం పడుతుంది, ఎవరికి ఎందుకో డాక్టర్ విప్పి చెప్పాలి. రెండోది, తగ్గేది ఏ నొప్పి అని అడగండి. ఈ ఆపరేషన్ కాళ్ల బాధకి, నడకకి బాగా పనిచేస్తుంది. ఉత్త నడుము నొప్పికి అంత నమ్మకంగా చెప్పలేరు. ఈ ముక్క ముందే తెలియకపోతే "లక్షలు పోశాం, ఇంకా నడుం నొప్పంటాది" అనే మాట పడాల్సింది ఆమే.

మనవైపు వాళ్లకి ఒక అదనపు మాట. నీళ్లలోని ఫ్లోరైడ్ ఎముకల్ని పట్టేస్తోందని అప్పటి నెల్లూరు జిల్లాలో 1937లోనే డాక్టర్లు గుర్తించి రాశారు. నల్లమలకి అవతల కనిగిరి వైపు ఆ బాధ అందరికీ తెలిసిందే. ఏళ్ల తరబడి ఆ నీళ్లు తాగితే లిగమెంట్లు ఎముకలా గట్టిపడి వెన్ను దారి ఇరుకవుతుంది. ఆ వైపు నుంచి మన ఇళ్లకి కోడళ్లుగా వచ్చినవాళ్లు ఉన్నారు. పుట్టింటి నీళ్ల సంగతి కూడా డాక్టర్‌కి చెప్పండి.

సరే, అన్నీ చూసుకుని ఆపరేషన్ చేయించారు. రెండో రోజు ఇంటికి పంపారు. ఇక అసలు గొడవ మొదలు.

మా వీధిలో ఒకామెకి ఇదే ఆపరేషన్ అయింది. మూడో రోజు ఆమె గేటు దగ్గర కొళాయి కింద బిందె పెట్టి నిలబడింది. నేను చూసి అరిస్తే నవ్వింది. "చిన్న గాటే కదక్కా, ఇంట్లో అందురూ అదే అంటాండారు" అంది. వారం తిరిగాక డాక్టర్‌కి చూపించుకోవాల్సిన రోజున వాళ్లింటికి చుట్టాలొచ్చారు. వంట ఎవరు చేస్తారని ఆమె వెళ్లనే లేదు. పోయిన ఏడాది వాళ్లాయనకి హెర్నియా ఆపరేషన్ అయితే మంచం దిగనివ్వలేదు. రెండు నెలలు పొలం కౌలుదారు చూసుకున్నాడు, అన్నం మంచం దగ్గరికి నడిచొచ్చింది. ఆయన కడుపు కడుపు, ఆమె వెన్ను వెన్ను కాదా?

మా ఇంట్లోనూ ప్రయత్నం జరిగింది. అత్తని చూడటానికి వచ్చిన బంధువులు గాటు చూసి, "ఇంతేనా! దీనికేనా ఇంత హడావుడి!" అన్నారు. ఆ మాట వినగానే అత్త మొహం చిన్నబోయింది. లేచి కాఫీ పెట్టబోయింది. పెద్ద కోత ఉంటే వాళ్లే కూర్చోబెట్టేవాళ్లు. చిన్న గాటు ఆమెకి జబ్బుపడే హక్కు కూడా లేకుండా చేసింది. నేను చెయ్యి పట్టి కూర్చోబెట్టి, "అత్తా, డాక్టర్ చెప్పిన రోజులు నిండేదాకా ఈ ఇంట్లో బిందె నీ చేతికి రాదు" అని అందరి ముందే అన్నాను. కోడలు గయ్యాళి అనుకున్నారు. అనుకోనీ.

"డాక్టరే లేచి తిరగమన్నాడు కదా" అంటారు. అవును, నడవమన్నాడు. నడక మందు. పని మందు కాదు. చదును నేల మీద చేతులూపుకుంటూ పొద్దున పది నిమిషాలు, సాయంత్రం పది నిమిషాలు నడిచి, రోజురోజుకీ పెంచుకోవడం వేరు. వంటింటికీ పెరటికీ మధ్య బకెట్టు పట్టుకుని తిరగడం వేరు. మామూలుగా నాలుగు నుంచి ఆరు వారాలు వంగడం, నడుము తిప్పడం, బరువులెత్తడం వద్దంటారు. మీ సర్జన్ ఎన్ని చెప్తే అన్ని. ఇప్పుడు మన ఇళ్లలో పనుల్ని ఆ మూడు మాటల పక్కన పెట్టి చూడండి. బిందె ఎత్తడం, గ్యాసు సిలిండరు జరపడం, దోసెల పిండి గిన్నె దించడం, కింద కూర్చుని బట్టలు ఉతకడం, వాకిట్లో వంగి ముగ్గేయడం, నేల మీద పడుకుని లేవడం. ఏది మిగిలింది? ఆమెకి మిగిలింది నడక, భోజనం, నిద్ర. అంతే. దొడ్డికి పోవడానికి కమోడ్ లేని ఇంట్లో కుర్చీ లాంటిది ముందే ఏర్పాటు చేయాలి. మంచం ముందే వేయాలి. ఇవి ఆపరేషన్‌కి వెళ్లే ముందు రోజు చేయాల్సిన పనులు, వచ్చాక కాదు.

"చేసేవాళ్లు ఎవరున్నారు?" అనే ప్రశ్న దగ్గర అందరూ ఆగిపోతారు. నిజంగానే ఎవరూ లేని ఇళ్లు ఉన్నాయి, నాకు తెలుసు. కానీ చాలా ఇళ్లలో మనుషులుంటారు, వాళ్లకి పని రాదని ఇంట్లో ఒప్పందం ఉంటుంది. ఆపరేషన్ ఖర్చు లెక్కలో గది అద్దె రాస్తారు, మందులు రాస్తారు, కారు కిరాయి రాస్తారు. నెలన్నర వంటమనిషి జీతం రాసిన ఇల్లు ఒక్కటైనా చూశారా? ప్రభుత్వానికి తోచింది ఇళ్లకి తోచలేదు. 2019 డిసెంబర్‌లో మన రాష్ట్రంలో ఆరోగ్య ఆసరా అని మొదలుపెట్టినప్పుడు, ఆరోగ్యశ్రీలో ఆపరేషన్ చేయించుకున్న వాళ్లకి కోలుకునే రోజులకి రోజుకి 225 రూపాయలు, నెలకి 5000 మించకుండా ఇస్తామన్నారు. డబ్బు చిన్నదే. కానీ కోలుకునే రోజులకి ఒక విలువ ఉందని సర్కారు కాగితం మీద రాసింది. మన ఇంటి పెద్దలు నోటితో కూడా అనలేకపోతున్నారు. మీ కార్డుకి ఇప్పుడు ఏ ఆపరేషన్ వర్తిస్తుందో, ఏ పద్ధతి వర్తించదో ఆసుపత్రిలో ఉండే వైద్యమిత్రని ముందే అడిగి రాయించుకోండి.

సంక్రాంతి తర్వాత మా స్వామి పారువేటకి బయలుదేరతాడు. నలభై రోజులకి పైగా పల్లకిలో ఊరూరా తిరుగుతాడు. ఆ పల్లకి ఒక్కడే మోయడు. భుజాలు మారుతూనే ఉంటాయి, ఒకరు అలిసిపోతే ఇంకొకరు పడతారు, అందులో ఎవరికీ నామోషీ లేదు. దేవుడి బరువుకే వంతులున్నాయి. ఇంటి బరువుకి మాత్రం నలభై ఏళ్లుగా ఒకటే భుజం. అది విరిగాక కుట్టించి, రెండో రోజే మళ్లీ ఎత్తుకోమంటున్నాం.

కొడుకులారా, మీ అమ్మని ఏ ఊరి ఆసుపత్రికి తీసుకుపోవాలో మీలో మీరు ఫోన్లలో మాట్లాడుకునే ముందు ఆమెని కూర్చోబెట్టి అడగండి. ఎంత దూరం నడవగలుగుతున్నావు, ఎక్కడికి నడవాలనుంది, ఆపరేషన్ నీకు ఇష్టమేనా అని. కోడళ్లారా, కూతుళ్లారా, ఆసుపత్రి వాళ్లు డిశ్చార్జి కాగితం ఇచ్చేటప్పుడు వంగకూడని, ఎత్తకూడని రోజులెన్నో తెలుగులో రాసివ్వమని అడిగి, తెచ్చి ఫ్రిజ్ మీద అంటించండి. మన మాట వినని వాళ్లు కూడా డాక్టర్ రాత చూస్తే కాస్త తగ్గుతారు.

అమ్మలారా, అత్తలారా, మీకు కూడా ఒక మాట. గాటు చూపించమని అడిగిన వాళ్లందరికీ చూపించకండి. అది ఎంత చిన్నదో వాళ్లకి అనవసరం. కాఫీ కావాలంటే వంటిల్లు ఎటుందో చూపించండి, పెట్టుకుని మీకూ ఒక గ్లాసు తెచ్చిస్తారు.